కాలువ గట్టు మీద నడకదారి, పాత లాకు, గోడల మీద బొమ్మలు: ఏది ముందు, ఏది వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పశ్చిమ డెల్టాలో మీ పట్టణం మధ్యగా పోయే పంట కాలువ గట్టు మీద కిలోమీటరున్నర నడకదారి వేయాలని మున్సిపాలిటీ, దాతలు కలిసి అనుకుంటున్నారు. దారి పొడవునా ప్రహరీ గోడల మీద ఊరి చరిత్ర బొమ్మలు, నాలుగు విగ్రహాలు, మూలపడ్డ పాత లాకుకు (కాలువలో పడవలను ఎక్కించి దించే తలుపుల కట్టడానికి) రంగులు. 2027 పుష్కరాల లోపు అయిపోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ మెటీరియల్ వాడాలి అన్నది ప్రశ్న.

ముందే చెప్పేస్తాను. మీ జాబితాలో అట్టడుగున పెట్టిన ఆ లాకే మీ ఊరి చరిత్ర. దాన్ని ఆయిల్ పెయింటుతో కప్పేసి, పక్క గోడ మీద చరిత్ర బొమ్మ వేయించడం అర్థంలేని పని. వరుస మార్చండి: మురుగు, గట్టు, నీడ, లాకు, బోర్డుల మీద రాత, ఆ తర్వాతే బొమ్మలు. విగ్రహాల సంగతి చివర్లో చెబుతాను.

మురుగుతో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. డెల్టా పట్టణాల్లో తాగునీటి చెరువులు, అంటే సమ్మర్ స్టోరేజి ట్యాంకులు, నిండేది ఈ కాలువల నుంచే. ఊళ్లోంచి కాలువలోకి దిగే ప్రతి తూమూ, ప్రతి పైపూ ఎక్కడుందో నడిచి చూసి మ్యాపు మీద గుర్తు పెట్టించండి. వాటిని గట్టు బయటివైపు డ్రెయిన్‌లోకి మళ్లించకుండా టైల్స్ వేస్తే, ఏటా కాలువ కట్టేసిన నెలల్లో మడుగుల్లో మురుగు నిలిచి, ముక్కు మూసుకోకుండా ఎవరూ నడవలేరు. పైగా ఆ పైపులు వేయడానికి తర్వాత ఎప్పుడో మీరు వేసిన దారినే తవ్వుతారు.

భూమి మున్సిపాలిటీది కాదు, చాలావరకు కాలువ పోరంబోకు. జలవనరుల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నుంచి నిరభ్యంతర పత్రం లేకుండా టెండరు పిలవకండి. దరఖాస్తుతో పాటు ప్రతి 30 మీటర్లకూ గట్టు అడ్డకోత డ్రాయింగ్ ఇవ్వండి. అందులో గట్టు పైవెడల్పు, లోపలి వాలు, బయటి వాలు, పూర్తి నీటిమట్టం, ఇప్పుడున్న చెట్లు కనిపించాలి. శాఖవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పూడిక తీయడానికి పొక్లెయిన్ ఎటు నుంచి వస్తుంది? ఆ యంత్రం వెడల్పు దాదాపు 3 మీటర్లు. అందుకని రెండు గట్లలో ఒకదాన్ని పూర్తిగా వదిలేయండి, 4 మీటర్ల ఖాళీతో. దాని మీద బెంచీ, స్తంభం, ఆర్చీ ఏదీ పెట్టకండి. రెండో గట్టే మీ నడకదారి. తీసిన పూడిక ఎక్కడ పోయాలో కూడా ఇప్పుడే తేల్చుకుని రాయించండి. లేకపోతే మొదటి వేసవిలోనే ఆ బురదంతా మీ కొత్త దారి మీదే పోస్తారు. అందులో వాళ్ల తప్పేమీ ఉండదు, వాళ్లు ఎప్పుడూ పోసేది అక్కడే.

ఇక క్యాలెండరు. కాలువలు కట్టేసేది సాధారణంగా ఏప్రిల్‌లో, నీళ్లు వదిలేది జూన్‌లో. లోపలి వాలు రివిట్‌మెంటు (రాతి తాపడం), రేవు మెట్లు, లాకు పునాది పనులకు మీ చేతిలో ఉండేది ఆ 45, 60 రోజులే. ఫిబ్రవరికల్లా కాంట్రాక్టరు ఖరారు కావాలి, మార్చిలో రాయి, ఇసుక గట్టు మీదికి చేరాలి. మేలో టెండరు తెరిస్తే ఆ ఏడాది పని పోయినట్టే. మొక్కలు జూలైలో, వానలు పట్టుకున్నాక. రంగుల పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రమే.

దారి గురించి. గట్టు మట్టి నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. దాని మీద నేరుగా సిమెంటు కాంక్రీటు పోసి టైల్స్ అతికిస్తే రెండో వేసవికి అంచులు లేచిపోతాయి. పై మట్టిని 30 సెంటీమీటర్లు తీసేసి, గ్రావెల్‌ను 15 సెంటీమీటర్ల పొరలుగా రెండుసార్లు పోసి, తడిపి రోలరు తిప్పాలి. దానిపైన 5 సెంటీమీటర్ల రాతిపొడి, ఆ పైన 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు. బండ్లు అడ్డంగా దాటే చోట మాత్రం 80 మిల్లీమీటర్లవి వేయండి. డబ్బు తక్కువైతే బ్లాకులు మానేసి గట్టిగా అణచిన గ్రావెల్, రాతిపొడితో సరిపెట్టండి. నడిచేవాళ్ల మోకాళ్లకు అదే మంచిది, పాడైన చోట ఒక ట్రాక్టరు లోడుతో బాగుచేసుకోవచ్చు. నున్నటి గ్లేజ్‌డ్ టైల్స్ మాత్రం వద్దే వద్దు, మంచు పడ్డ ఉదయాల్లో జారతాయి. వెడల్పు రెండున్నర మీటర్లు చాలు. వాలు 50కి 1 చొప్పున, కాలువ వైపు కాకుండా బయటివైపు. కాలువ వైపు ఇస్తే వాననీరు లోపలి వాలును కోసేస్తుంది.

రైలింగు గురించి ఎవరూ అడగరు గానీ గొడవంతా అక్కడే. పొడవునా ఇనుప రైలింగు కట్టేస్తే రేవులు మూసుకుపోతాయి; బట్టలుతికేవాళ్లు, స్నానాలు చేసేవాళ్లు, నిమజ్జనానికి వచ్చేవాళ్లు నెల తిరక్కుండా దాన్ని కోసేస్తారు. ఉన్న రేవులన్నీ అలాగే ఉంచి, వాటి మధ్య 45 సెంటీమీటర్ల ఎత్తు అరుగుగోడ కట్టండి, కూర్చోడానికీ పనికొస్తుంది. చిన్నపిల్లలు తిరిగే బడి, గుడి దగ్గర మాత్రం నిలువెత్తు రైలింగు తప్పదు. ప్రతి 100 మీటర్లకూ నీళ్లలోకి మెట్లు, పక్కనే పట్టుకోడానికి గొలుసు ఉండాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుము పనికిరాదు. జింకు పూత వేసినది లేదా 316 రకం స్టెయిన్‌లెస్ వాడండి. 304 రకానికి కూడా గోధుమరంగు మచ్చలు పడతాయి.

దీపాలు బయటి అంచున, 4 మీటర్లలోపు ఎత్తులో, కాంతి కిందికే పడేలా, 3000 కెల్విన్ వెచ్చటి రంగువి. తెల్లటి ఎల్ఈడీలు పెడితే పక్క చేలలోని పురుగంతా వచ్చి దీపం చుట్టూ మూగుతుంది, సాయంత్రం ఏడు తర్వాత ఎవరూ నోరు తెరవలేరు.

నీడ. ముందు ఇప్పుడున్న చెట్ల లెక్క, చుట్టుకొలతతో సహా. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం), 2002 ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అయినా కొట్టాల్సిన అవసరం రాకుండా దారినే మెలికలు తిప్పండి. మొదలు చుట్టూ కనీసం 1.2 మీటర్ల చదరం మట్టి వదలాలి. కాండం దాకా కాంక్రీటు పోసిన చెట్టుకు వేళ్లు ఊపిరాడక పదేళ్లలో కొమ్మలు ఎండటం మొదలవుతుంది. కొత్తవాటిలో కానుగ, పొగడ, గంగరావి, నేరేడు, తెల్లమద్ది నమ్మదగినవి. తెల్లమద్ది, కానుగ తడినేలకు తట్టుకుంటాయి. వేప బాగుంటుంది గానీ నీరు నిలిచే చోట బతకదు. తురాయి, నిద్రగన్నేరు త్వరగా నీడ ఇస్తాయని ఆశపడకండి, తుపాను గాలికి ముందు విరిగేవి అవే. కోనోకార్పస్ అసలే వద్దు. రావి, మర్రి మంచి చెట్లే, కానీ లాకుకూ వంతెనకూ కనీసం 15 మీటర్ల దూరంలో.

మొక్కలకు నర్సరీల ఊరు కడియం దగ్గరే ఉంది కాబట్టి కొరత లేదు. కానీ కొనేటప్పుడు సంచి విప్పించి చూడండి. ఎక్కువ కాలం సంచిలో ఉన్న మొక్కకు వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి; అలాగే పాతితే ఐదారేళ్ల తర్వాత గాలికి మొదలంటా పడిపోతుంది. 6 నుంచి 8 అడుగుల మొక్క, 3 అడుగుల గుంత, రెండు వెదురు కర్రల ఊతం, మొక్కకూ మొక్కకూ 7 మీటర్లు, పశువులు మేయకుండా చుట్టూ కంచె. ఇక్కడ అందరూ మరిచిపోయేది ఒకటుంది. కాలువ పక్కనే నాటాం కదా, నీళ్లకేం లోటు అనుకుంటారు. కాలువ కట్టేసేది సరిగ్గా ఎండలు ముదిరే నెలల్లో. మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండు ట్యాంకర్ల నీళ్లు ఎవరు పోస్తారో టెండర్లోనే రాయండి. తీరానికి దగ్గరైతే బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ముందు పరీక్ష చేయించండి.

ఇక లాకు. ఇది పనికిరాని కట్టడం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ నీటితో తవ్విన కాలువలు సాగుకే కాదు, రవాణాకూ దారులు. రోడ్లు, లారీలు రాకముందు ధాన్యం, కొబ్బరి, మనుషులు అన్నీ పడవల మీదే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవను లాగేవారు. మీరు వాకింగ్ ట్రాక్ అంటున్న ఆ గట్టు వాళ్ల పనిస్థలం. నీటిమట్టం తేడా ఉన్న చోట పడవను పైకెక్కించడానికి, కిందికి దించడానికి లాకు. లోగోడల అంచు రాళ్ల మీద తాళ్లు ఒరుసుకుని పడ్డ గాళ్లు ఉన్నాయేమో, పడవలు కట్టేసిన రింగులు ఉన్నాయేమో, తలుపు తిరిగే గూడులో ఇనుము మిగిలిందేమో వేలితో తడిమి చూడండి. తాపీవాళ్లు చెక్కిన గుర్తులు, అంకెలు ఉంటే అన్నీ ఫొటోలు తీయించాకే ఎవరినైనా పనిలోకి దించండి.

బాగుచేత పద్ధతి ఇదీ. కట్టు రాతిది, దరజులు (రాళ్ల మధ్య అతుకులు) సున్నంవి. మొలిచిన రావి మొక్కల్ని పీకకండి, వేరుతో పాటు రాయి కూడా వస్తుంది. కాండం రాతికి సమంగా కోసి, చిగురు వేసినప్పుడల్లా మళ్లీ కోసి, వేరు చచ్చాకే ఆ సందు పూడ్చాలి. దరజుల్లో పాడైన సున్నాన్ని చేతి ఉలితో 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతు తీయాలి. గ్రైండరు పెడితే రాతి అంచులు పోతాయి. నీళ్లతో తడిపి, కొత్త సున్నం దట్టించాలి. నీటిమట్టానికి పైన 1 పాలు సున్నం, రెండున్నర పాళ్లు ఇసుక. నీళ్లు తగిలే చోట 1 సున్నం, 1 సుర్ఖీ, 2 ఇసుక. సుర్ఖీ అంటే బాగా కాలిన ఇటుక పొడి. మన దగ్గర దొరికే గుల్ల సున్నం ఒక్కటే వేస్తే నీళ్లలో గట్టిపడదు, ఇటుక పొడి కలిస్తేనే పట్టు వస్తుంది. సున్నాన్ని కనీసం మూడు వారాలు నీళ్లలో నానబెట్టి, వడకట్టి వాడాలి. ఇసుక ఏటి ఇసుకే. ఉప్పుటేరు ఇసుక తెస్తే ఆ ఉప్పు ఏళ్ల తరబడి తెల్లగా పైకి పొంగుతూనే ఉంటుంది. కట్టాక రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. నీటి కింది పని ఎండాకాలంలోనే చేయాలి కాబట్టి ఈ గోనెపట్టాల కూలీ విడిగా లెక్కవేయండి, కాంట్రాక్టరు మొదట ఎగ్గొట్టేది అదే.

సిమెంటు ఎందుకు వద్దంటే, అది సున్నంకన్నా గట్టిగా, నీటి ఆవిరికి దారి లేకుండా బిగుసుకుంటుంది. గోడలో తేమ దరజుల్లోంచి బయటికి పోలేక రాతిలోంచి పోతుంది, రాయి పైపొర పెచ్చులూడుతుంది. ఎనామెల్, ఎమల్షన్ రంగులతోనూ అదే తంటా. ఇప్పటికే ఎవరైనా రంగు వేసి ఉంటే యాసిడ్‌తో కడగనివ్వకండి, ఇసుక జెట్టు వద్దు. మెత్తటి బ్రష్, నీళ్లు, ఓపిక. ఇనుప తలుపులు, మరలు మాత్రం తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ముదురు రంగు వేయొచ్చు. శిలాఫలకం ఉంటే అక్షరాల్లో బంగారు రంగు నింపొద్దు. చుట్టుపక్కల కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఏదైనా ఉంటే 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతితోనే. ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు లాంటి ఊళ్లవాళ్లు ఇది ముందు చూసుకోవాలి.

చరిత్ర రాత. బోర్డుకు 70, 80 మాటలు మించకూడదు, నిలబడి అంతకన్నా ఎవరూ చదవరు. ఆ చోట కంటికి కనిపించే దాని గురించే రాయాలి. లాకు దగ్గర బోర్డు ఎలా ఉండాలంటే: "కింది తలుపు తీసి పడవను లోపలికి తెచ్చేవారు. తలుపు మూసి, పై తలుపులోని చిన్న షట్టర్లు ఎత్తితే లోపల నీళ్లు నిండి పడవ పైకి లేచేది. రెండు వైపులా మట్టం ఒకటయ్యాక పై తలుపు తీసేవారు. మీ చెయ్యి ఆనిన రాతి మీది గాడి తాళ్ల ఒరిపిడిది." అంతే. మహానుభావుడు, అపర భగీరథుడు లాంటి మాటలు అవసరం లేదు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. ఆయన కింద పనిచేసిన వీణం వీరన్న పేరు, మట్టి మోసిన కూలీలు, లస్కర్లు (కాలువ చూసుకునే సిబ్బంది), పడవ సరంగుల సంగతి రాసిన బోర్డులే కనపడవు. ఆనకట్టకు ముందటి 1832, 33 కరువు ఒక్క వాక్యమైనా ఉండాలి, అది లేకుండా ఈ కాలువలు ఎందుకు వచ్చాయో పిల్లలకు అర్థం కాదు.

తప్పులు కూడా పట్టుకోవాలి. ఇప్పుడు ధవళేశ్వరంలో మనం దాటే బ్యారేజీ కాటన్ కట్టింది కాదు. 1970లలో మొదలై 1982లో పూర్తయిన కట్టడం, దానికి ఆయన పేరు పెట్టారు. పి.గన్నవరం అక్విడక్టూ (నది మీదుగా కాలువను దాటించే వంతెన) అంతే: గోదావరి పాయ వైనతేయ మీద 49 ఖానాల పాతది వేరు, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది వేరు. రాజమండ్రి హేవలాక్ వంతెన 1900లో తెరిచారు, రైళ్లు ఆపింది 1997లో. ఇలాంటి తేదీలు ఇద్దరు వేర్వేరు మనుషులు సరిచూశాకే రాతికి పంపండి. కైఫీయతుల్లో (ఊళ్ల పాత చరిత్ర రాతల్లో) ఉన్న స్థలపురాణం వాడుకోవచ్చు, కానీ "అని చెప్పుకుంటారు" అనే మాట వదలకండి.

చెక్కించేటప్పుడు వత్తులతో జాగ్రత్త. డీటీపీ సెంటర్లో పాత అను ఫాంటులో కొట్టిన ఫైలు చెక్కుడు మెషీను దగ్గరికి వెళ్లేసరికి రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి లాంటి మాటల్లో వత్తులు ఊడిపోవడమో పక్క అక్షరానికి అతుక్కోవడమో జరుగుతుంది. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి ఇవ్వమనండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, తెలుగు మాస్టారు సంతకం పెట్టాకే రాయి ముట్టుకోనివ్వండి. అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లు, చెక్కుడు లోతు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పంక్తుల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కు ఇచ్చే దానికన్నా బాగా ఎక్కువ ఉండాలి. లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిలోకి దిగుతుంది. బోర్డు పడక కుర్చీలా కాస్త వాల్చి, 85 సెంటీమీటర్ల ఎత్తున పెడితే కుర్చీబండిలో వచ్చినవాళ్లూ చదవగలరు.

గోడ బొమ్మలకు వస్తే, ముందు తేమ పరీక్ష. అడుగున్నర చదరపు పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచండి. లోపల చెమట పడితే ఆ గోడ మీద బొమ్మ నిలవదు. డెల్టాలో దాదాపు ప్రతి గోడకూ కింది రెండడుగులు తేమే. ఆ భాగాన్ని బొమ్మలో కలపకుండా వట్టి సున్నంతో వదిలేయండి. పాత వెల్ల పూర్తిగా గీకించాలి, వెల్ల మీద వేసిన రంగు చాపలా లేచిపోతుంది. కొత్త ప్లాస్టరు అయితే 28 రోజులు ఆగాలి. క్షారాన్ని తట్టుకునే ప్రైమరు ఒక పూత, బయటి గోడల ఎమల్షన్ రెండు పూతలు. 100 చదరపు మీటర్లకు ప్రైమరు 10 లీటర్లు, రంగు 20 లీటర్ల దాకా పడుతుంది. చౌక ఎరుపులు, పసుపులు పడమటి ఎండకు ముందు వెలిసిపోతాయి. కావి, పసుపుమన్ను, నలుపు ఛాయలు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఎంత బాగా చేసినా నాలుగైదేళ్లే అనుకోండి, ఆ మాట దాతలకు ముందే చెప్పండి. సినిమా, పార్టీ పోస్టర్లు అంటించే ఎత్తులో గోడను గరుకుగా ఉంచితే మైదా జిగురు సరిగా పట్టదు.

ఏం గీయించాలి అంటే, ఎక్కడైనా దొరికే కథాకళి ముఖం, సీతాకోకచిలుక వద్దు. చిత్రకారులను ముందు రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలకు ఒక పూట పంపండి, గోదావరి రంగు ఎలా ఉంటుందో కనిపిస్తుంది. రైలింగు జాలీకి నరసాపురం లేసు అల్లికల నమూనాలు అద్భుతంగా కుదురుతాయి. మాధవపట్నం తోలుబొమ్మల ఆకారాలను రేకులో కోయించి దీపం ముందు నిలబెట్టొచ్చు. వాళ్ల నమూనా తీసుకుంటే డబ్బు ఇవ్వండి, పేరు వేయండి. ఒప్పందం తప్పనిసరి: ఎన్నేళ్లు ఉంచుతారు, ఎవరు సరిదిద్దుతారు, తీసేముందు ఎన్ని రోజుల నోటీసు. కాపీరైట్ చట్టం 57వ సెక్షను కళాకారుడి హక్కును కాపాడుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యచిత్రాన్ని 1979లో ఊడదీసినందుకు 2005లో హైకోర్టు ప్రభుత్వానికి 5 లక్షల రూపాయల పరిహారం విధించింది.

విగ్రహాలు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సంగతి వదిలేసినా, పోసిన మట్టితో లేచిన గట్టు మీద అన్ని టన్నుల దిమ్మె కుంగుతుంది. అదీ వదిలేసినా, నలుగురిలో ఎవరు ముందు, ఎవరి ముఖం ఎటు అన్న పేచీ మీ కమిటీని పుష్కరాల దాకా కదలనివ్వదు. నా సలహా సున్నా విగ్రహాలు. ఆ డబ్బుతో లాకు పక్కన ఒక నీటిమట్టం రాయి నిలబెట్టండి. 1996 నవంబరు తుపానుకు, ఆ తర్వాతి ముంపులకు మీ వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో పాత ఇళ్ల అరుగులూ గోడలూ చూపించి చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. సర్వేయరుతో లెవెలింగ్ చేయించి ఆ గీతలు చెక్కించండి. ధవళేశ్వరం వరద హెచ్చరికల అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులను మాత్రం దాని మీద ఎక్కించకండి. అవి అక్కడి గేజీవి, మీ ఊరి నేలమట్టంతో వాటికి సంబంధం లేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందన్న మాట పక్క బోర్డులో రాస్తే చాలు.

చివరగా నిర్వహణ. మొత్తంలో పదో వంతు మొదటి మూడేళ్ల నిర్వహణకు విడిగా బ్యాంకులో వేయకపోతే ఏ దాత డబ్బూ తీసుకోకండి. కిలోమీటరున్నరకు ఇద్దరు మనుషులు, గుర్రపుడెక్క తీయడానికి ఏడాదికి రెండుసార్లు కూలీలు. తూములు, దరజులు, చెట్ల ఊతాలు నెలకోసారి చూసి రాసే రిజిస్టరు లస్కరు దగ్గర ఒక కాపీ, మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర ఒక కాపీ ఉండాలి. గట్టు మీద ఇప్పుడు తోపుడుబండ్లు పెట్టుకున్నవాళ్లను తరిమేయకుండా వంతెనల దగ్గర వాళ్లకు ఆరడుగుల చోట్లు వదలండి; చీకటి పడ్డాక దారి మీద మనుషులుండేది వాళ్ల వల్లే. మీ గట్టు అడ్డకోత కొలతలు, లాకు ఫొటోలు ఇక్కడ పెడితే దరజుల పని ఎంత ఉందో అంచనా చెప్పగలను.